గళ్ల ఊరు, వీధి లెక్క

పుదుచ్చేరి పాత ఊరి పటం కోడిగుడ్డు మీద చదరంగపు గళ్లు గీసినట్టుంటుంది. గుడ్డు అంచు వెంట ఒక వెడల్పాటి రోడ్డు. లోపల తీరానికి సమాంతరంగా కొన్ని వీధులు, వాటిని అడ్డంగా కోస్తూ సముద్రం వైపు సాగే వీధులు మరికొన్ని. ఈ చివర నుంచి ఆ చివరకు నడిచినా అరగంట పట్టదు. 2011 జనగణన నాటికి చుట్టుపక్కల కలుపుకొని ఆరున్నర లక్షల జనాభా ఉన్న మధ్యతరహా నగరం ఇది. శని, ఆదివారాలు వస్తే చెన్నై నుంచీ బెంగళూరు నుంచీ కార్లు బారులు తీరతాయి. కారు దిగినవాళ్లు అక్కడ ముఖ్యంగా చేసే పని నడవడం. సొంత ఊళ్లో పక్క వీధి కిరాణా కొట్టుకు కూడా బండి తీసే మనిషి ఇక్కడ సాయంత్రమంతా ఊరికే నడుస్తాడు.

ఎందుకలా అని అడిగితే పసుపు గోడలు, వాటి మీంచి వాలే కాగితపు పూలు, ఫ్రెంచి పేర్లున్న నీలిరంగు పలకలు అంటారు. అవన్నీ అందమైనవే. కానీ పసుపు రంగు ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది, కాగితపు పూల తీగ ఏ నర్సరీలోనైనా అమ్ముతారు. అవి తెచ్చి అతికించినంత మాత్రాన మన బైపాస్ రోడ్డు మీద ఎవరూ షికారు చేయరు. మనిషిని నడిపించే గుణం వీధి కొలతల్లో ఉంటుంది. ఆ కొలతలు ముఖ్యంగా నాలుగు: మూలలు, నీడ, అంచు, వేగం. నాలుగూ టేపు, గడియారం, కాస్త గణితం ఉంటే ఎవరైనా చూసుకోగలిగినవే.

ఊరికి గళ్లు ఎవరు గీశారు?

ఫ్రెంచివాళ్ల ఊరిగా పేరుపడ్డ పుదుచ్చేరికి గళ్లు గీసింది డచ్చివాళ్లు. ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాంస్వా మార్తాఁ 1674లో ఇక్కడ స్థావరం వేశాడు. 1693లో డచ్చివాళ్లు దాన్ని పట్టుకున్నారు. రిస్విక్ సంధి తర్వాత 1699లో తిరిగి ఇచ్చేశారు. ఉన్నది కొద్ది ఏళ్లే అయినా ఊరిని తిన్నని వీధులుగా విభజించే పటాలు తయారుచేశారు. తిరిగొచ్చిన ఫ్రెంచివాళ్లు అదే గీతల మీద ఊరు పెంచుకున్నారు.

1761లో ఆంగ్లేయులు ముట్టడించి గెలిచాక కోటనూ ఊరినీ నేలమట్టం చేశారు. 1763 పారిస్ సంధితో ఊరు మళ్లీ ఫ్రెంచివాళ్ల చేతికి వచ్చింది. 1765 నుంచి పునర్నిర్మాణం మొదలైంది. ఇళ్లు కొత్తవి, వీధులు మాత్రం పాత గీతల మీదే. ఇల్లు వందేళ్లకు పడిపోవచ్చు. వీధి గీత ఒకసారి పడితే యుద్ధాలకు కూడా చెరగదు. ఎందుకంటే గోడలు కూలినా స్థలాల హద్దులు, బావులు, గుడులు, నడిచేవాళ్ల అలవాటు అక్కడే ఉంటాయి. ఇవాళ ఊరిని చుట్టే బులెవార్ రోడ్లు ఒకప్పటి రక్షణ గోడల వరసలోనే ఉన్నాయి. పడమటి బులెవార్ అన్నా సాలై అయింది, దక్షిణపుది సుబ్బయ్య సాలై అయింది. పేర్లు మారాయి, వంపు మారలేదు.

ఈ గీతల్లో ఒక చేదు కూడా ఉంది. ఊరి మధ్యగా ఒక కాలువ తవ్వారు. కాలువకు తూర్పున సముద్రం పక్కన తెల్లవాళ్లు, పడమట నల్లవాళ్లు. పడమటి వీధుల్లో చెట్టి వీధి, వెళ్లాళ వీధి, వైశ్యాళ్ వీధి, దక్షిణాన కాజీ వీధి, ముల్లా వీధి. ఎవరు ఎక్కడుండాలో పటమే చెప్పేది. గళ్ల ఊరు సమానత్వానికి గుర్తని పొరబడకూడదు, పాలకుడికి లెక్క తేలిగ్గా చిక్కే ఊరు కూడా గళ్ల ఊరే. అయితే ఆ పాలన 1954 నవంబరు 1న భారతదేశానికి బదిలీ అయింది. గళ్లు మాత్రం మిగిలి, వాటిని గీసినవాళ్లు ఊహించని పనికి వస్తున్నాయి.

మూలలు: దారుల లెక్క

మీరు ఒక కూడలిలో ఉన్నారు. చేరవలసిన చోటు నాలుగు వీధులు తూర్పుకూ నాలుగు వీధులు ఉత్తరానికీ ఉంది. వెనక్కి తిరగకుండా, చుట్టు తిరగకుండా ఎన్ని దారుల్లో వెళ్లొచ్చు? మొత్తం ఎనిమిది అంగలు వేయాలి, వాటిలో ఏ నాలుగు తూర్పుకో ఎంచుకోవాలి. ఇంటర్మీడియట్‌లో చదువుకున్న సంయోగాల సూత్రం జవాబు చెబుతుంది: 70 దారులు. అన్నిటి పొడవూ ఒకటే. మూడేసి వీధుల దూరమైతే 20, అయిదేసి అయితే 252.

ఇప్పుడు సరిగ్గా మధ్య కూడలిలో ఎవరో పెళ్లికి షామియానా వేసి దారి మూశారనుకుందాం. 70 దారుల్లో ఆ కూడలి మీదుగా పోయేవి 36. అవి పోయినా ఇంకా 34 మిగిలే ఉంటాయి. ఒక్క అడుగు కూడా అదనంగా వేయక్కర్లేదు. అదే ఒక్క గేటు, ఒక్క ప్రధాన రోడ్డు, మిగతావన్నీ మూసుకుపోయే సందులుగా ఉన్న కొత్త కాలనీలో గేటు దగ్గర గొయ్యి తవ్వితే కాలనీ అంతా ఆగిపోతుంది. వెనక గోడను ఆనుకుని ఉన్న బడికి వెళ్లాలంటే కిలోమీటరు చుట్టు తిరగాలి. గళ్ల ఊళ్లో ఈ చుట్టు తిప్పుడికి గణితమే హద్దు గీస్తుంది. ఏ రెండు కూడళ్ల మధ్యనైనా పక్షి ఎగిరే దూరం కంటే నడక దూరం 41 శాతానికి మించి పెరగదు. చతురస్రం కర్ణానికీ దాని రెండు భుజాల మొత్తానికీ ఉన్న నిష్పత్తి అది.

గళ్లున్నంత మాత్రాన చాలదు, గడి చిన్నదై ఉండాలి. 200 మీటర్లకు ఒక వీధి ఉంటే చదరపు కిలోమీటరుకు సుమారు 25 కూడళ్లు. 100 మీటర్లకు ఒకటి ఉంటే 100. గడి పొడవు సగమైతే కూడళ్లు నాలుగింతలవుతాయి. జేన్ జేకబ్స్ నగరాల గురించి 1961లో రాసిన పుస్తకంలో పొట్టి వీధుల కోసం గట్టిగా వాదించింది ఇందుకే. ప్రతి మూలా ఒక కొత్త ఎంపిక. మూలకు ఒక టీకొట్టు, ఒక ఇస్త్రీ బండి, ఒక మందుల షాపు రెండు వైపుల జనంతో బతుకుతాయి. పుదుచ్చేరిలో తప్పిపోయామని భయపడే ప్రయాణికుడు ఉండడు. తూర్పుకు నడిస్తే సముద్రం, ఇంకెటు నడిచినా బులెవార్. ఆ ధీమా ఉన్నవాడే ముందుగా అనుకోని వీధిలోకి మళ్లుతాడు.

నీడ: గోడ ఎంతో నీడ అంత

పుదుచ్చేరి దాదాపు 12 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు, ఏప్రిల్ మూడో వారం చివరా ఆగస్టు మూడో వారం చివరా, మిట్టమధ్యాహ్నం సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. ఇలాంటి చోట వీధి ఏ దిక్కుకు ఉందన్నది చిన్న విషయం కాదు.

తీరం వెంట సాగే వీధుల్ని తీసుకోండి. డ్యూమా వీధి, రొమేఁ రొలాఁ వీధి, సుఫ్రెన్ వీధి, కాలువకు అవతల మిషన్ వీధి, మహాత్మాగాంధీ రోడ్డు. ఇవి ఇంచుమించు ఉత్తర, దక్షిణాలుగా ఉంటాయి. మార్చి నెలాఖరులో ఉదయం తొమ్మిది ప్రాంతాన సూర్యుడు తూర్పున సుమారు 45 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అంటే గోడ ఎత్తు ఎంతో, వీధిలో పడే నీడ వెడల్పు అంత. ఆరు మీటర్ల మేడ తొమ్మిది మీటర్ల వీధిలో మూడింట రెండు వంతులు కప్పేస్తుంది. మధ్యాహ్నం మూడింటికి అదే నీడ పడమటి గోడ నుంచి వస్తుంది. నడిచేవాడు పొద్దున తూర్పు పక్కన, సాయంత్రం పడమటి పక్కన నడిస్తే చాలు.

సముద్రం వైపు పోయే నెహ్రూ వీధి, లాల్ బహదూర్ శాస్త్రి వీధి లాంటివి వేసవిలో ఈ సాయం చేయవు. సూర్యుడు వీధి పొడవునా తూర్పు నుంచి పడమరకు నడిచిపోతాడు కాబట్టి పక్క గోడల నీడ వీధిలో పెద్దగా పడదు. కానీ వీటికి వేరే ఉద్యోగం ఉంది. పగలు నేల త్వరగా వేడెక్కుతుంది, సముద్రం నిదానంగా వేడెక్కుతుంది. నేల మీది గాలి తేలికై లేస్తే, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. అలా మధ్యాహ్నం వచ్చే సముద్రపు గాలికి ఈ వీధులు గొట్టాలు. ఆ గాలి తగలగానే కోరమాండల్ తీరంలో ఏ ఊరి మనిషైనా ముఖం తుడుచుకోవడం మానేస్తాడు. మే, జూన్ నెలల్లో పడమటి గాలులు బలంగా వీచే రోజుల్లో ఆ రాక ఆలస్యమవుతుంది, ఆ రోజు ఊరంతా ఉడుకుతుంది.

ఒక దిక్కు వీధులు నీడనిస్తాయి, ఇంకో దిక్కు వీధులు గాలినిస్తాయి. రెండూ కావాలంటే రెండు దిక్కులా వీధులుండాలి, అవి దగ్గర దగ్గరగా కలుసుకోవాలి. నీడలో నడుస్తున్నవాడికి వంద అడుగులకో రెండు వందల అడుగులకో ఒకసారి గాలి తగలాలి. మూలల లెక్కా నీడ లెక్కా ఇక్కడ కలుస్తాయి.

ఇరుకు వీధి అన్ని వేళలా మేలే అనుకోకూడదు. పగలు గోడలూ రోడ్డూ తాగిన వేడి రాత్రి ఆకాశంలోకి పోవాలి. వీధి మధ్య నిలబడ్డవాడికి ఆకాశం ఎంత తక్కువ కనిపిస్తే వేడి అంత నిదానంగా పోతుంది. నగర వాతావరణాన్ని అధ్యయనం చేసిన టిమ్ ఓక్ ఈ సంగతిని కొలతల్లోకి తెచ్చాడు. ఆరు మీటర్ల ఎత్తు ఇళ్లున్న, తొమ్మిది మీటర్ల వెడల్పు ఉన్న పొడవాటి వీధిలో ఆకాశం వాటా సుమారు 60 శాతం. వీధిని 18 మీటర్లు చేస్తే 83 శాతం. రాత్రి కాస్త త్వరగా చల్లబడుతుంది, పగలు మాత్రం మాడుతుంది. ఈ చిక్కుముడి విప్పేది చెట్టు. పగలు నీడ ఇస్తుంది, ఆకుల్లోంచి నీరు ఆవిరై చుట్టూ గాలి వేడిని కొంత లాగేస్తుంది, గోడలాగా వేడిని దాచుకోదు.

అంచు: వీధికీ ఇంటికీ మధ్య

కాలువకు రెండు వైపులా వీధి వెడల్పులో పెద్ద తేడా లేకపోయినా నడక అనుభవం వేరు. కారణం అంచు. తూర్పున ఫ్రెంచి ఇళ్లకు వీధి పక్కనే ఎత్తయిన ప్రహరీ, పెద్ద కమాను గేటు ఉంటాయి. తోట, వరండా లోపల దాక్కుంటాయి. పడమట తమిళ ఇళ్లు గోడకు గోడ ఆనించి కట్టినవి. ముందు వీధి వైపు వాలిన తాళ్వారం, కొయ్య స్తంభాలు, దాని కింద బాటసారి కూడా కూర్చోగల నడక వసారా, ఆ తర్వాత మెట్టెక్కితే ఇంటివాళ్ల అరుగు, ఆపైన తలుపు. వీధి నుంచి ఇంట్లోకి ఒక్కసారిగా కాక మూడు నాలుగు అంచెల్లో వెళ్తాం. కింది అంతస్తు తమిళ పద్ధతి, పై అంతస్తు ఫ్రెంచి పద్ధతిలో ఉన్న ఇళ్లు కూడా ఎన్నో.

ఈ అంచు విలువను గడియారంతో కొలవొచ్చు. మనిషి గంటకు అయిదు కిలోమీటర్ల వేగంతో నడుస్తాడు, అంటే సెకనుకు 1.4 మీటర్లు. ఇంటి ముఖం ఆరు మీటర్లుంటే నాలుగు సెకన్లకు ఒక కొత్త ఇల్లు. కొత్త తలుపు, కొత్త ముగ్గు, కొత్త వంట వాసన. డెన్మార్క్ వాస్తుశిల్పి యాన్ గేల్ మంచి వీధులకు సూచించిన లయ ఇదే, నాలుగైదు సెకన్లకొక కొత్తదనం. ముప్పై మీటర్ల ప్రహరీ పక్కన నడిస్తే ఇరవై సెకన్లు ఒకే గోడ. ఫ్రెంచి వీధుల్లో గోడ మీంచి బయటికి వంగే పూలకొమ్మ ఆ లోటును తీరుస్తుంది. అది లేకపోతే ఆ వీధులు జైలు గోడ పక్క నడకే. అదే ఇల్లు బండి మీద 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లేవాడికి అర సెకను. వాడికి ముగ్గు కనబడదు, పెద్ద బోర్డే కనబడుతుంది. మన రోడ్ల మీద ఫ్లెక్సీల సైజు ఎందుకు పెరుగుతోందో ఇక్కడ తెలుస్తుంది.

అరుగుకు ఇంకో పని ఉంది. అరుగు మీద కూర్చున్న ముసలాయన వీధికి జీతం లేని కాపలాదారు. వీధి మీద కళ్లుండాలని జేన్ జేకబ్స్ అన్నది ఈ కాపలా గురించే. న్యూయార్కు బహిరంగ స్థలాల్లో జనాన్ని ఏళ్ల తరబడి కెమెరాలతో గమనించి విలియం వైట్ 1980లో ప్రకటించిన ముఖ్య ఫలితం వినడానికి నవ్వొచ్చేంత మామూలుది: కూర్చోవడానికి చోటున్న దగ్గరే జనం కూర్చుంటారు. కోనసీమలో, గోదావరి ఊళ్లలో అరుగులున్న తరం దీన్ని పరిశోధన అనుకోదు. ఆ అరుగులు తీసేసి బండి ఎక్కే ర్యాంపులు కట్టిన తరానికి మాత్రం చెప్పవలసి వస్తోంది.

పుదుచ్చేరిలోనూ చాలా అరుగులు పోయాయి. పోయినవాటిని తిరిగి తేవచ్చని చూపిన చోటు వైశ్యాళ్ వీధి. వారసత్వ కట్టడాలను కాపాడే ఇంటాక్ సంస్థ, ప్రభుత్వం, ఐరోపా సమాఖ్య నిధుల పథకం కలిసి అక్కడి ఇళ్ల ముఖాలను, తాళ్వారాలను వరసగా బాగుచేశాయి. ఆ పనికి 2008లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది. బాగుచేసింది ఒక మహలును కాదు, మామూలు ఇళ్ల వరసను. వీధికి అందం వరసలోనే ఉంటుంది, మధ్యలో ఒక ఇల్లు వెనక్కి జరిగి కారుకు చోటిస్తే నీడా లయా రెండూ అక్కడ తెగిపోతాయి.

వేగం: వర్గంలో పెరిగే ప్రమాదం

సముద్రం పక్కన గూబర్ అవెన్యూలో సాయంత్రం ఆరు గంటలకు బారికేడ్లు అడ్డం పెడతారు. మర్నాడు పొద్దున ఏడున్నర వరకూ వాహనాలు రావు. 1836 నాటి పాత దీపస్తంభం, గాంధీ విగ్రహం, యుద్ధ స్మారకం ముందు పిల్లలు రోడ్డు మధ్యలో పరుగెత్తుతారు, వాళ్ల చేయి పట్టుకోవాలని పెద్దలకు తోచదు. కొత్తగా ఏమీ కట్టలేదు. వేగాన్ని సున్నా చేశారు, రోడ్డు మైదానమైంది.

వేగం ఎందుకంత ముఖ్యం? కదిలే వస్తువు శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. 30 కిలోమీటర్ల వేగంతో పోలిస్తే 50 దగ్గర గుద్దుడు శక్తి 2.8 రెట్లు. డ్రైవరు తేరుకునే ఒక సెకనూ బ్రేకు పట్టే దూరమూ కలిపితే, 30లో ఉన్న కారు పొడి రోడ్డు మీద సుమారు 13 మీటర్లలో ఆగుతుంది, 50లో ఉన్నదానికి 28 మీటర్లు కావాలి. గోడ చాటు నుంచి బంతి వెనక పరుగెత్తే పిల్లాడికి ఈ 15 మీటర్లే ప్రాణం. దగ్గర దగ్గరగా కూడళ్లున్న ఇరుకు వీధిలో ఎవరూ చెప్పకుండానే బండి నెమ్మదిస్తుంది. నేరుగా వెడల్పుగా ఉన్న రోడ్డు మీద ఎన్ని బోర్డులు పెట్టినా కాలు యాక్సిలరేటర్ మీదికే పోతుంది.

వాహనాలు ప్రాణాలనే కాదు, పరిచయాలను కూడా తీస్తాయి. డొనాల్డ్ ఆపిల్‌యార్డ్ అనే పరిశోధకుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకేలాంటి మూడు నివాస వీధులను పోల్చి చూశాడు. ఒకదానిలో రోజుకు సుమారు 2,000 వాహనాలు, రెండోదానిలో 8,000, మూడోదానిలో 16,000. తక్కువ వాహనాల వీధిలో మనిషికి సగటున ముగ్గురు స్నేహితులు అదే వీధిలో ఉన్నారు. ఎక్కువ వాహనాల వీధిలో ఆ సగటు ఒక్కరి కంటే తక్కువ, 0.9. అక్కడి మనుషులు చెడ్డవాళ్లు కారు. ఎదురింటికి పోవాలంటే రోడ్డు దాటాలి, అంతే.

పుదుచ్చేరి ఈ పరీక్షలో అన్ని చోట్లా నెగ్గదు. ఆదివారం నెహ్రూ వీధిలో నడవాలంటే ఆపిన బండ్ల మధ్య ఒళ్లు ముడుచుకోవాలి. ఫుట్‌పాత్ ఉన్నచోట ట్రాన్స్‌ఫార్మరో సామాన్లో ఉంటాయి. కాలువ చూడముచ్చటగా ఏమీ ఉండదు. 2014 నవంబరు వానల్లో శతాబ్దం దాటిన మునిసిపల్ భవనం మేరీ కూలిపోయింది, దాన్ని అదే రూపంలో తిరిగి కట్టాల్సి వచ్చింది. మంచి పటం ఊరికి దక్కిన ఆస్తి మాత్రమే, నిర్వహణ ఖర్చు ప్రతి తరమూ పెట్టుకోవాలి.

వెడల్పు చేస్తే ఏం పోతుంది?

మన ఊళ్లలో వీధి గురించి చర్చ వచ్చేది ఒక్కసారే, రోడ్డు విస్తరణకు మునిసిపాలిటీవాళ్లు గోడల మీద ఎర్ర గుర్తులు వేసినప్పుడు. వాదనంతా పరిహారం మీదే నడుస్తుంది. వీధి ఏం కోల్పోతుందన్నది ఎవరి ఫైలులోనూ ఉండదు.

లెక్క వేద్దాం. ఆరు మీటర్ల ఇళ్లున్న తొమ్మిది మీటర్ల వీధిని 18 మీటర్లు చేశాం. ఉదయం తొమ్మిది గంటల నీడ వీధిలో మూడింట రెండు వంతుల నుంచి మూడో వంతుకు తగ్గింది. అరుగులు, వాటి ముందరి వేపచెట్లు పోయాయి. ఇంటి తలుపు నేరుగా రోడ్డు మీదికి వచ్చింది, తర్వాత మూసుకుపోయింది. వేగం 25 నుంచి 50కి పెరిగితే ఢీకొట్టే శక్తి నాలుగింతలు. దాటవలసిన దూరం రెట్టింపు, ముసలివాళ్ల అడుగులో పావు నిమిషం దాకా. మధ్యలో డివైడర్ కడితే అడ్డ వీధుల కూడళ్లు మూసుకుపోయి, గణితం ఇచ్చిన ఆ 70 దారులు కొద్దిపాటికి కుదించుకుపోయాయి.

ఇన్ని పోగొట్టుకుని సంపాదించిందేమిటి? జైల్ డ్యూరాంటన్, మాథ్యూ టర్నర్ అనే ఆర్థికవేత్తలు 2011లో అమెరికా నగరాల లెక్కలు తీసి చూస్తే, రోడ్ల పొడవు ఎంత శాతం పెంచితే వాహనాలు తిరిగే దూరం ఇంచుమించు అంతే శాతం పెరిగిందని తేలింది. కొత్త చోటును కొత్త బండ్లు నింపేశాయి. అంబులెన్సుకు, ఫైరింజనుకు, బస్సుకు వెడల్పు కావలసిన రోడ్లు ప్రతి ఊళ్లోనూ కొన్ని ఉంటాయి. పుదుచ్చేరిలో ఆ భారం బులెవార్లు మోస్తాయి. వెడల్పు అంచున ఉంది కాబట్టే లోపలి వీధులు ఇరుకుగా బతికాయి. కాకినాడ, రాజమండ్రి, ఒంగోలు, ఖమ్మం లాంటి ఊళ్లకు పనికొచ్చే పాఠం ఇది. ఏ వీధులు మోసేవి, ఏ వీధులు నివసించేవి అని ముందు విడదీయాలి. మోసేవాటిని వెడల్పు చేయాలి, మిగతావాటి జోలికి పోకూడదు.

ఎర్ర గుర్తు పడకముందే వార్డు జనం నాలుగు అంకెలు రాసుకోవచ్చు. అయిదు నిమిషాల నడకలో, అంటే ఇంటి నుంచి 400 మీటర్ల లోపు, ఎన్ని కూడళ్లున్నాయి? ఉదయం తొమ్మిదికి వీధిలో ఎంత వంతు నీడలో ఉంది? వంద మీటర్లలో తెరిచి ఉండే తలుపులు, కూర్చోగల చోట్లు ఎన్ని? బండ్లు వెళ్లే వేగమెంత? ఆఖరిదానికి పరికరం అక్కర్లేదు. రెండు కరెంటు స్తంభాల మధ్య దూరం కొలిచి, ఫోన్‌లో సెకన్లు చూస్తే చాలు. విస్తరణ తర్వాత ఈ నాలుగూ ఎంతవుతాయో చెప్పమని ఇంజినీరును అడగాలి. వీటికి జవాబు లేని పటం రోడ్డు పటం మాత్రమే. దాన్ని వీధి పటంగా కౌన్సిల్ ఆమోదించకూడదు.